స్వతంత్రవిచారము, నాస్తికత్వము: గోరాగారి జీవితము

మన కృష్ణామండలమున నాస్తికుడను మాట మిక్కిలి చౌకగా వాడబడుచున్నది. పురోహితుని నొక ప్రశ్న యడిగినవాడు నాస్తికుడు. తద్దినము పెట్టనివాడు నాస్తికుడు. రాహుకాలమును లెక్కింపక ప్రయాణమైనవాడు నాస్తికుడు. దేవుడు లేడని బహిరంగముగా చెప్పువాడును నాస్తికుడే. ఈ నలువురును ఒక్క కోవకు చెందినవారు కారు. మఱొకవైపున, ఆ మాట చెవికి కటువుగా నుండుటచే, దేవుని నమ్మనివారు పలువురు తాము హేతువాదులమనియు, స్వతంత్రవిచారము గలవారమనియు చెప్పుకొని యూరకుందురు. ఇట్లు వేర్వేఱు విషయములు రెండు కలగాపులగమై, ఏది మననుండి యేమి కోరుచున్నదో తెలియకుండ పోయినది. ఈ గందరగోళము మాటలతోనే ఆగునది కాదు. పెండ్లిండ్లలోను, పాఠశాలలలోను, ఉద్యోగములిచ్చుటలోను, ఊడబెఱకుటలోను దీని ఫలితము మనుష్యులమీద పడుచున్నది.

ఈ భేదమును శాస్త్రచర్చవలన కంటె నొక మనుష్యుని జీవితమువలన తెలిసికొనుట సులభమని మేము తలంచుచున్నాము. ఆయన విజయవాడ పటమటలో నివసించి, 1975 జులై 26వ తేదీన ఈ పట్టణముననే సభలో ప్రసంగించుచు ప్రాణములు విడిచిన గోపరాజు రామచంద్రరావుగారు. లోకము వారిని గోరా యని పిలిచినది. వారు గతించి యర్ధశతాబ్దమైనది. వారిని మెచ్చినవారును, దూషించినవారును చాలవఱకు గతించిరి. కావున రాగద్వేషములు లేకుండ వారి జీవితమును పరిశీలించుటకు ఇది తగిన సమయము.

మొదట మాటల సంగతి. మన ప్రాచీన శాస్త్రకారుల దృష్టిలో నాస్తికుడనగా ముఖ్యముగా వేదప్రామాణ్యమును త్రోసిపుచ్చినవాడు. కావుననే సృష్టికర్తయగు నీశ్వరుని ప్రసక్తి లేకయే తమ దర్శనమును నిర్మించుకొన్న సాంఖ్యులును, యజ్ఞఫలము సిద్ధించుటకు ఈశ్వరు డక్కఱలేదన్న పూర్వమీమాంసకులును ఆస్తికుల పంక్తిలో కూర్చుండిరి. బౌద్ధులును జైనులును నాస్తికులనిపించుకొనిరి. ఈ లెక్కను బట్టి చూచినచో అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేటలలో స్తూపములు నిలిపిన మన పూర్వులు, అనగా ఈ కృష్ణాతీరమున సేద్యము చేసి, వర్తకము చేసి, చలువరాతిపై శిల్పములు చెక్కించిన గృహస్థులు, నాస్తికులే యగుదురు. వేదమును, ఆత్మను, పరలోకమును గూడ నిరాకరించిన లోకాయతులు వీరికంటె వేఱు. దేవుడు లేడనువాడే నాస్తికుడను అర్థము నేడు వాడుకలో స్థిరపడినది. కాని పాత యర్థముతోడి నింద క్రొత్త యర్థమునకు కూడ అంటుకొని వచ్చినది.

పాశ్చాత్యదేశములలో స్వతంత్రవిచారకులను పేరు పదునెనిమిదవ శతాబ్దారంభమున వ్యాప్తికి వచ్చినది. 1713లో ఆంథొనీ కాలిన్స్ అను నాంగ్లేయుడు దానిమీద నొక గ్రంథమునే ప్రకటించెను. గురువు చెప్పెననియో, గ్రంథమున నున్నదనియో కాక, సాక్ష్యమును బట్టి మతవిషయములను నిర్ణయించుకొను హక్కు ప్రతి మనుష్యునకు గలదని యాతని వాదము. ఆ హక్కు నుపయోగించినవా రందఱును ఒక్క చోటికే చేరలేదు. వోల్టేరు మతాధికారులతో జీవితాంతము పోరాడెను. ఐనను సృష్టికర్త యొకడు గలడని నమ్మెను. థామస్ పెయిను బైబిలు దైవదత్తము కాదనెను. ఏకేశ్వరుని మాత్రము విడువలేదు. అయినను లోకము ఆయనను నాస్తికుడనియే తిట్టినది. చార్లెస్ బ్రాడ్లా దేవు నంగీకరింపలేదు. 1880లో పార్లమెంటునకు ఎన్నికయై, ప్రమాణస్వీకారవిషయమున చిక్కులు వచ్చి 1886 వఱకును తన స్థానమున నిశ్చింతగా కూర్చుండలేకపోయెను. 1891లో ఆయన యంత్యక్రియలకు వెళ్లినవారిలో అప్పుడు లండనులో న్యాయశాస్త్రము చదువుచుండిన మోహనదాసు గాంధి యొకడు. బ్రాడ్లాతో భుజము కలిపి పనిచేసిన అనీబిసెంటమ్మ యదే స్వతంత్రవిచారముతో బయలుదేరి 1889లో దివ్యజ్ఞానసమాజమున చేరినది. దారి యొక్కటియైనను, చేరిన యూళ్లు పెక్కు.

కావున స్వతంత్రవిచార మనునది ఒక పద్ధతి. నాస్తికత్వ మొక నిర్ణయము. మొదటిది ఎట్లు తెలిసికొనవలెనను ప్రశ్నకు సమాధానము; రెండవది దేవుడు కలడా యను ప్రశ్నకు సమాధానము. స్వతంత్రవిచారకుడు విచారణానంతరము ఆస్తికుడే కావచ్చును, నాస్తికుడు కావచ్చును, ఇంకను తేలలేదని యాగిపోవచ్చును. నాస్తికు డందుకు విరుద్ధముగా స్వతంత్రవిచారకుడు కాకయే పోవచ్చును. తండ్రి చెప్పెననియో, రాజకీయపక్ష మాజ్ఞాపించెననియో, ప్రభుత్వము బడిలో నేర్పెననియో దేవుడు లేడనువాడు, తాత చెప్పెనని దేవుడు కలడనువానికంటె ఒక్క యడుగైనను ముందునకు వేసినవాడు కాడు. ఇద్దఱును ఇతరుల తలతో నాలోచించువారే.

ఈ కొలతను మన తెలుగువారికి పట్టించి చూతము. వేమన విగ్రహములను, తీర్థములను, కులమును నిర్దయగా ప్రశ్నించెను. కాని యోగమార్గమును, అంతరాత్మను విడువలేదు. ఆయనను స్వతంత్రవిచారకుడనవచ్చును, నాస్తికుడనరాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు విగ్రహారాధనమును, బాల్యవివాహములను ఖండించిరి, ఏకేశ్వరోపాసనమును సమర్థించిరి. మచిలీపట్నమున జన్మించి కాకినాడ కళాశాలకు అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు బ్రహ్మసమాజీయులు, భక్తులు. సంఘసంస్కారమున వీరెవరును వెనుదీయలేదు. దేవుని నమ్మువాడు పూర్వాచారమును ప్రశ్నింపజాలడను వాదమును వీరి జీవితములే పూర్వపక్షము చేయుచున్నవి.

మన డెల్టాలోనే 1887లో అంగలూరున జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారి మార్గము మఱికొంత తీవ్రమైనది. డబ్లినులో న్యాయశాస్త్రమభ్యసించి వచ్చి, తెనాలిలో న్యాయవాదియై, పురపాలకసంఘాధ్యక్షులై, జాతరలలో జంతుబలిని మాన్పించిరి. శంబూకవధ, సూతపురాణము మొదలగు రచనలలో పురాణకథలను న్యాయస్థానమున సాక్షిని ప్రశ్నించునట్లు ప్రశ్నించిరి. వివాహవిధి యను పేర తెలుగున పెండ్లితంతును రచించి, సంస్కృతమంత్రము లర్థముకాని వధూవరులకు తమ వాగ్దానము తమ భాషలో తెలియునట్లు చేసిరి. వారి పోరాటమంతయు గ్రంథప్రామాణ్యముతోను, పుట్టుకవలన వచ్చు పెద్దఱికముతోను. పురాణము నమ్మదగినదా, పురోహితు డక్కఱయా యనునవి వారి ప్రశ్నలు. హేతువాదమను మాటకు ఈ ప్రాంతమున వారే యుదాహరణము. 1943లో వారు కీర్తిశేషులైరి. అప్పటికే ఉయ్యూరు సమీపమున ముదునూరు గ్రామమున నింకొకరు ఆ ప్రశ్నలను దాటి, దేవుడు కలడా యను మూలప్రశ్ననే ప్రజలయెదుట నుంచియుండిరి. వారే గోరాగారు.

గోరాగారు 1902 నవంబరు 15వ తేదీన గంజాము మండలమున ఛత్రపురమున నొక తెలుగు బ్రాహ్మణకుటుంబమున జన్మించిరి. ఇల్లు సంప్రదాయనిష్ఠ గలది. కాకినాడలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందిరి. 1922లో సరస్వతమ్మగారితో వివాహమైనది; అప్పటి కామె పదేండ్ల బాలిక. ఈ వివరములలో తరువాతి నాస్తికుని జాడ యేమియు లేదు. వారు పుట్టు నాస్తికులు కారు. ఒక్కొక్క మెట్టు పరీక్షించుచు దిగినవారు, లేక చూచువారి దృష్టిని బట్టి ఎక్కినవారు. ఈ సంగతియే మా ప్రస్తుతవిషయమునకు ముఖ్యము.

మొదటి మెట్టు దయ్యములు. కాకినాడలో దయ్యములున్నవని యెవరును చేరని యింట వారు కాపురముండి చూచిరి. ఏమియు జరుగలేదు. ఇది దేవుని గూర్చిన పరీక్ష కాదు. ఒక భయమును గూర్చిన పరీక్ష. రెండవ మెట్టు ప్రలోభము. మధురలో క్రైస్తవమిషను కళాశాలలో ఉపన్యాసకులుగా నుండగా, క్రైస్తవమతము స్వీకరించినచో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున పైచదువునకు పంపెదమను సూచన వచ్చినది. వారు నిరాకరించిరి. ఇంటిమతమును పరీక్షింపక మోయుట యెట్టిదో, లాభము కొఱకు మఱియొక మతమును పరీక్షింపక ఎత్తుకొనుటయు నట్టిదే యని వారికి తోచినది. తరువాత కోయంబత్తూరున వ్యవసాయపరిశోధన, 1927లో కొలంబోలోని ఆనంద కళాశాల. ఆ నగరమున సరస్వతమ్మగారు గర్భవతియై యుండి గ్రహణసమయమున గదిలో దాగక బయటికి వచ్చి చూచిరి. బిడ్డ యారోగ్యముగా పుట్టినది. ఇప్పటికిని మన డెల్టాలో చదువుకొన్న యిండ్లలో సయితము గ్రహణమునాడు గర్భిణులను కదలనీయక పడుకొనబెట్టుట కలదు. కావున దాదాపు నూఱేండ్లక్రిందట పదునాఱేండ్లయిన నిండని యొక యిల్లాలు చేసిన యీ పని చిన్నది కాదు.

1928లో కాకినాడకు తిరిగివచ్చినపుడు గోరాగారు యజ్ఞోపవీతమును ధరించుటకు నిరాకరించిరి. సనాతనపరుడైన తండ్రి, కుమారుని ఇల్లు విడువుమనక తప్పలేదు. ఇంతవఱకు వచ్చినవా రనేకులు కలరు. జందెము తీసివేసి, తరువాత కూతురి పెండ్లినాడు మరల వేసికొన్నవారిని మనమెఱుగుదుము. గోరాగారు మరల వేసికొనలేదు. 1930లో గాంధీజీకి లేఖ వ్రాసి, దేవుడను మాటకు ఆయన చెప్పు నర్థమేమని యడిగిరి. దేవుడు మానవబుద్ధికి అందనివాడను తాత్పర్యముతో ప్రత్యుత్తరము వచ్చినది. వృక్షశాస్త్రజ్ఞునకు అది చాలలేదు. 1933లో వారి నాస్తికభావముల కారణముగా కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోయినది. తరువాత మచిలీపట్నము హిందూ కళాశాలలో చేరిరి. అక్కడను ఆ భావములే చిక్కు తెచ్చిపెట్టినవి. పాఠము చెప్పుటలో లోపమున్నదని యెవరును అనలేదు. ఉద్యోగములు నిలుపుకొనుటకు మౌనమొక్కటి చాలియుండును. వారు మౌనము వహింపలేదు.

ఇక్కడ స్వతంత్రవిచారకునకును నాస్తికునకును దారి చీలినది. ప్రశ్నించువాడు తన ప్రశ్నను తనలో నుంచుకొనియు జీవింపగలడు. సమాధానము దొరకినదని నమ్మినవాడు ఆ సమాధానము ప్రకారము నడువవలెను. లేనిచో నది సమాధానము కాదు. 1940 ఆగష్టు 10వ తేదీన గోరాగారు భార్యాబిడ్డలతో ముదునూరు చేరి నాస్తికకేంద్రమును స్థాపించిరి. వయోజనవిద్య, అన్నికులముల సహపంక్తిభోజనములు, అస్పృశ్యతానివారణము అచ్చటి నిత్యకృత్యములు. నిప్పులమీద నడుచుట దేవతామహిమ కాదని చూపుటకై వారును, సహచరులును తామే నడిచిచూపిరి. బొగ్గునిప్పు వేడిని మెల్లగా మాత్రమే విడుచుననియు, వేగముగా నడిచినవాని పాదము దానిని తాకునది క్షణకాలమే యనియు, అందుచే కాలదనియు తెలియజెప్పిరి. 1942 క్విట్ ఇండియా యుద్యమమున భార్యాభర్త లిరువురును చెఱసాలకు వెళ్లిరి. సరస్వతమ్మగారు చిన్నబిడ్డతో వెళ్లిరి. బిడ్డలపేర్లలో దేవతానామము లేదు. ఉప్పుసత్యాగ్రహసంవత్సరమున పుట్టినవాడు లవణము. యుద్ధారంభమున పుట్టినవాడు సమరము. పేరుపెట్టుటలో గూడ వారు తమ కాలమును చూచిరేకాని పంచాంగమును చూడలేదు.

1944 నవంబరులో వారు సేవాగ్రామమునకు వెళ్లి గాంధీజీని కలిసికొనిరి. మహాత్ముడు రామనామమునందు ప్రాణముంచుకొన్నవాడు. వచ్చినవాడు దేవుడే లేడనువాడు. గాంధీజీ వారిని తఱిమివేయలేదు, మతము మార్చుటకును చూడలేదు. నాస్తికత్వము దేనికొఱకని యడిగెను. గోరాగారు వంగదేశపు కఱవునుగూర్చి చెప్పిరి. 1943లో కలకత్తా వీధులలో మిఠాయి యంగళ్లయెదుటనే జనులు ఆకలితో చచ్చుటను వారు చూచిరి. అద్దములవెనుక నాహారమున్నది, చేయి చాచి తీసికొన్నవాడు లేడు. ఇది మా కర్మమను నమ్మకము ఆ చేతులను కట్టివైచినదని వారి నిర్ణయము. అనగా గోరాగారికి నాస్తికత్వము గ్రంథములలోని తర్కసమస్య కాదు. ఆకలిగొన్నవాడు లేచి నిలుచుటకు కావలసిన బలము. గాంధీజీ యీ వాదమును విని, తన యాస్తిక్యమే సరియనిగాని, ఈయన నాస్తిక్యమే తప్పనిగాని తాను నిశ్చయింపజాలనని యంగీకరించెను; ఇరువురును సత్యమును వెదకువారమే యనెను. 1931లోనే దేవుడు సత్యమనుట మాని, సత్యమే దేవుడని చెప్పనారంభించిన గాంధీజీకి ఈ యంగీకారము క్రొత్త కాదు. సత్యమును త్రోసిపుచ్చు నాస్తికుడు లేడని ఆయన యెఱుగును.

ఆ సంభాషణల ఫలితమొకటి మన జిల్లా చరిత్రలో నిలిచినది. గోరాగారు తమ పెద్దకూతురు మనోరమను అస్పృశ్యులనబడిన కులమునకు చెందిన అర్జునరావుగారి కిచ్చి పెండ్లి చేయ నిశ్చయించిరి. సేవాగ్రామమున తానే యీ వివాహము జరిపింతునని గాంధీజీ యంగీకరించెను. నాస్తికుల మనస్సాక్షికి నొప్పి కలుగకుండ దేవుని పేరిట కాక సత్యము పేరిట ప్రమాణము చేయించుటకును సమ్మతించెను. 1948 జనవరి 30న ఆయన హతుడైనందున ఆ ముచ్చట తీఱలేదు. మార్చినెలలో సేవాగ్రామమున ఆశ్రమవాసులయెదుట పెండ్లి జరిగినది. నాటి చట్టములు చూచిన ఈ పని విలువ తెలియును. 1872 నాటి వివాహచట్టము ప్రకారము వధూవరులు తమకు హిందూమతాది మతములలో నేదియు లేదని ప్రకటించినగాని రిజిస్టరు పెండ్లి సాధ్యముగాకుండెను. 1923 సవరణ హిందువులలోవారికి ఆ నిర్బంధమును సడలించెను. 1954 చట్టము ఆ ప్రశ్ననే తొలగించెను. 1960లో గోరాగారి కుమారుడు లవణముగారు మహాకవి గుఱ్ఱము జాషువాగారి కుమార్తె హేమలతగారిని వివాహమాడిరి. గబ్బిలమునకు తన మొఱను చెప్పుకొన్న కవి యింటికిని, జందెమును తీసివేసినవాని యింటికిని వియ్యమందుట మన సంఘచరిత్రలో తలచదగిన ఘటన. ఆ దంపతులు తరువాత స్టువార్టుపురమున నేరస్థులను ముద్రపడిన కుటుంబముల జీవితములు చక్కబఱచుటకు శ్రమించిరి.

1947లో నాస్తికకేంద్రము ముదునూరునుండి పటమటకు మాఱినది. స్వాతంత్ర్యానంతరము గోరాగారు అధికారముచుట్టు తిరుగలేదు. సంఘము అను పత్రికను నడిపిరి. పక్షరహిత ప్రజాస్వామ్యమును బోధించిరి. 1952లో పార్లమెంటు స్థానమునకు పోటీచేసి ఓడిపోయిరి. మంత్రులు నిరాడంబరముగా జీవింపవలెనని కోరుచు 1961-62లో సేవాగ్రామమునుండి ఢిల్లీకి కాలినడకన వెళ్లిరి. ప్రజలు కూటికి లేకయుండ, ప్రభుత్వోద్యానములలో నలంకారపు మొక్కలేల, కూరగాయలు పండింపరాదా యని సత్యాగ్రహము చేసిరి. 1951లో గాంధీజీతో తమ సంభాషణలను గూర్చి వారు వ్రాసిన యాంగ్లగ్రంథమును నవజీవన సంస్థయే ప్రకటించినది. ఆస్తికుడైన కిశోరలాల్ మష్రూవాలాగారు దానికి పీఠిక వ్రాసిరి. 1972 డిసెంబరులో విజయవాడయందు ప్రపంచ నాస్తికమహాసభ జరిగినది.

అదే సంవత్సరము ఆగష్టు 15న వారు జరిపించిన యొక కార్యము పెద్ద వివాదమునకు కారణమైనది. హిందువులును ముస్లిములును తమతమ నిషేధములను విడిచి, గోమాంసమును పందిమాంసమును కలసి తినవలెనని వారొక మైత్రీవిందు నేర్పాటు చేసిరి. నిషేధములే మనుష్యులను వేఱు చేయుచున్నవి గనుక వాటిని బహిరంగముగా దాటినగాని కలయిక రాదని వారి యూహ. ఈ కార్యమును మే మెట్లు తూచుదుము? నిషేధమును పాటించుటయు మానుటయు స్వేచ్ఛయే. పాటించువాని మనస్సు నొచ్చునని తెలిసి చేసిన పని మైత్రిని పెంచునా యను సందేహము మాకు గలదు. సహపంక్తి భోజనమున అన్నమును, పప్పును ఒకచోట కూర్చుండి తినినవారు సాధించిన మైత్రి దీనికంటె తక్కువది కాదు. కాని దాగి తినువాడును, బహిరంగముగా నిందించువాడును ఒక్కడేయైన సంఘమున, చాటుగా చేయునది నలుగురిలో చేయుడని యడిగిన మనుష్యుని కపటియని మాత్రము అనజాలము.

ఇక గోరాగారి సిద్ధాంతమును పరీక్షింతము. దేవుడు లేడనుట వారికి వట్టి నిరాకరణము కాదు. దైవమునకు, విధికి, పూర్వకర్మకు లోబడితినను భావము బానిసత్వమనియు, తన పనికి తానే బాధ్యుడనను భావము స్వాతంత్ర్యమనియు, ఆ రెండవదే నాస్తికత్వమనియు వారు బోధించిరి. హేతువాదులతో వారికి తగవు ఇచ్చట వచ్చినది. ప్రశ్నించి యూరకుండువాడు, సందేహించి ఆచారమునే పాటించువాడు సంఘమును మార్చజాలడని వారి యభియోగము. ఇందు సత్యము గలదు. మన మోతుబరు లనేకులు విత్తనమును వ్యవసాయశాఖనడిగి తెత్తురు, కాలువ వంతును ఇంజనీరు నడిగి తెలిసికొందురు, పంట ధరను పత్రికలో చూతురు. ఏరువాకకు మాత్రము పంచాంగమును విప్పుదురు. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు మన జీవనము వానదేవుని మీదకంటె కాలువల నిర్వహణముమీద నాధారపడియున్నది. పొలములో స్వతంత్రవిచారకులమై, ఇంటిలో కాకుండుట మనకు అలవాటైనది. ఈ రెండు జీవితములను గోరాగారు క్షమింపలేదు.

కాని యాక్షేపణ మొకటి కలదు. దేవుని నమ్మువాడు బానిస యగుట నిజమైనచో, గాంధీజీ యెవరు? ఆయన దినమున కెన్నియో మాఱులు దేవుని పేరు తలంచెను; అంతటి సామ్రాజ్యమునకు తలవంచలేదు. ఆ ఆస్తికుని వెనుకనే గోరాగారు చెఱసాలకు వెళ్లిరి. తన ప్రయత్నమును నమ్ముకొని పనిచేయువాడు, నోట దేవుడనినను, ఆ పనిలో నాస్తికుడేయని గోరాగారు సమాధానము చెప్పుచుండిరి. ఈ సమాధానము చమత్కారముగా నున్నదే కాని మమ్ము తృప్తిపఱుపలేదు. స్వతంత్రుడైన ప్రతివాడును నాస్తికుడే యనినచో, నాస్తికుడను మాటకు దేవునితో నిక సంబంధము లేదు. అది స్వతంత్రుడను మాటకు మాఱుపేరు మాత్రమే యగును. దేవుని నమ్మకయే కులగర్వమును విడువనివారు మనలో లేకపోలేదు. వారిని బానిసలనవలెనా, స్వతంత్రులనవలెనా? నమ్మకము లేకపోవుట యొక్కటియే మనుష్యుని విడిపింపదు. నమ్మక ముండుట యొక్కటియే కట్టివేయదు. ఈ చిక్కును తీర్చుటకే స్వతంత్రవిచారమను వేఱుమాట మనకు కావలయును. గాంధీజీ, వేమన, గోరా ముగ్గురును ఆ మాటక్రింద ఇముడుదురు. నాస్తికుడను మాటక్రింద గోరాగారొక్కరే ఇముడుదురు. ఈ విధముగా చెప్పుట వారిని తక్కువ చేయుట కాదు. వారి ప్రత్యేకతను వారికి నిలుపుట.

మఱియొక సంగతి. స్వతంత్రవిచారకుడు దేవునివిషయమున తలుపు తెఱచియుంచును. నూతనసాక్ష్యము వచ్చిన మరల విచారించును. నాస్తికుడు విచారణ ముగిసినదని తీర్పు చెప్పును. ఆ తీర్పును సాక్ష్యముపై నిలిపినంతకాలము అతడు స్వతంత్రవిచారకుడు కూడ; తీర్పే మంత్రమై, ప్రశ్నించినవానిని వెలివేయ మొదలిడినచో, అతడు తాను విడిచిన మఠమునే మరల కట్టినవా డగును. గోరాగారు ఈ ప్రమాదమున పడలేదనుటకు నిదర్శనము వారి స్నేహములే. భక్తులతో వాదించుచు, భక్తులతో భుజించుచు, భక్తులతో చెఱసాలలో నుండిరి. తన గుడ్డను, కూటిని, బిడ్డల పెండ్లిండ్లను తన సిద్ధాంతమునకు పణముగా ఒడ్డినవాడు ఇతరుల సిద్ధాంతమును గౌరవించుటకు భయపడడు.

మన రాజ్యాంగము ఈ భేదమును మనకంటె బాగుగా గుర్తించినది. పదవీస్వీకారమునకు ఈశ్వరుని పేరిట ప్రమాణము చేయువానికిని, మనఃపూర్వకముగా దృఢవచనము పలుకువానికిని అది సమానస్థానమిచ్చినది. బ్రాడ్లా ఆఱేండ్లు పోరాడి సంపాదించినది మనకు మొదటినుండియు లభించినది. ఇరువదియైదవ యధికరణము అంతరాత్మస్వాతంత్ర్యము నిచ్చినది; అందు నమ్ము స్వాతంత్ర్యమును, నమ్మకుండు స్వాతంత్ర్యమును గలవు. 1976 నాటి సవరణవలన శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట పౌరుని కర్తవ్యములలో చేరినది. అనగా దేవుని నమ్ముట, నమ్మకుండుట పౌరుని యిష్టము. విచారించుట మాత్రము వాని విధి. స్వతంత్రవిచారము అందఱికి, నాస్తికత్వము ఆ విచారము ఎవరిని అచ్చటికి చేర్చునో వారికి.

2002లో భారతప్రభుత్వము గోరాగారి పేర తపాలాబిళ్లను విడుదల చేసినది. ఉద్యోగము పోగొట్టుకొన్న మనుష్యుని ముఖము ప్రభుత్వపు బిళ్లపైకి వచ్చుటకు దాదాపు డెబ్బదియేండ్లు పట్టినది. కాని బిళ్లను ముద్రించుట సులభము. మన యూరిలో బడిపంతులొకడు దేవుడు లేడనినపుడు అతని పాఠమును చూచి తూచుదుమా, అతని నమ్మకమును చూచి తూచుదుమా? కుమారుడు తద్దినము పెట్టననినపుడు, అతడు తల్లిదండ్రులను బ్రతికియుండగా చూచుకొన్నాడా యని యడుగుదుమా? కుమార్తె కులము దాటి పెండ్లాడుదుననినపుడు మన స్వతంత్రవిచారము వీధియరుగుననే ఆగిపోవునా, గడప దాటి లోనికి వచ్చునా? ఆస్తికులైన చదువరులు గోరాగారి నిర్ణయమును స్వీకరింపనక్కఱలేదు. ఆ నిర్ణయమునకు వారు నడిచిన విచారణమార్గమున కొంతదూరము నడుచుటయు, నడుచువానిని త్రోవలో నాపకుండుటయు మాత్రము వారినుండి కోరుట న్యాయమని మా యభిప్రాయము.